ఎక్సెల్ మాక్రోని ఆఫీసు డేటాబేస్‌కి కలపడం: డ్రైవర్ దగ్గర్నుంచి ట్రాన్సాక్షన్ దాకా

"ఎక్సెల్ మాక్రో నుంచి డేటాబేస్‌కి కనెక్ట్ అవ్వాలి, కోడ్ ఉంటే పంపండి" అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. కోడ్ పంపిన మర్నాడే "పనిచెయ్యట్లేదు సార్" అని స్క్రీన్‌షాట్ వస్తుంది. చూస్తే కోడ్‌లో తప్పేమీ ఉండదు. పీసీలో డ్రైవరే (ఎక్సెల్‌కీ డేటాబేస్‌కీ మధ్య మాటలు చేరవేసే ప్రోగ్రామ్) ఉండదు, లేదంటే డ్రైవర్ ఉన్నా 32 బిట్‌ది ఉంటుంది, అదీ కాదంటే సర్వర్ ఐపీ మారిపోయి ఉంటుంది. అందుకే ఇక్కడ కోడ్ కన్నా, కోడ్ ముట్టుకునే ముందు చెయ్యాల్సిన పనుల గురించే ఎక్కువ రాశాను. వరుస తప్పించకండి, ఒక మెట్టు పాసయ్యాకే తరవాతి మెట్టుకి వెళ్లండి.

ఉదాహరణకి వైజాగ్ ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు అనుకుందాం. స్టీల్ ప్లాంటు నుంచి, పోర్టు నుంచి లోడు ఎత్తే లారీల ట్రిప్పులన్నీ ఆఫీసులోని సర్వర్ పీసీలో, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉన్నాయి. అకౌంట్స్ వాళ్లు ఎక్సెల్ తప్ప ఇంకేదీ ముట్టరు. తేదీలు ఇచ్చి బటన్ నొక్కితే ఆ మధ్య ట్రిప్పులు షీటులోకి దిగాలి, షీటులో కొట్టిన కొత్త ట్రిప్పులు డేటాబేస్‌లోకి ఎక్కాలి. ఇంతే కావాలి వాళ్లకి.

కోడ్‌లోని మాటలన్నీ పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను, ఎడిటర్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

## 1. అసలు మాక్రో కావాలా?

డేటా చూసుకుంటే చాలు, వెనక్కి ఏమీ రాయనక్కర్లేదు అనుకుంటే ముందు పవర్ క్వెరీ చూడండి. డేటా ట్యాబ్‌లో గెట్ డేటా నొక్కి, డేటాబేస్ రకం ఎంచుకుని, టేబుల్ లోడ్ చేసుకుంటే అయిపోయింది, తరవాత రిఫ్రెష్ నొక్కడమే. ఒక్క లైను కోడ్ అక్కర్లేదు.

ఎక్సెల్ నుంచి డేటాబేస్‌లోకి రాయాలన్నా, సెల్‌లో ఇచ్చిన విలువని బట్టి వేర్వేరు క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) నడపాలన్నా, ఒకే బటన్‌తో నాలుగైదు పనులు జరగాలన్నా అప్పుడు మాక్రో. ఇంకో మాట, మ్యాక్ ఎక్సెల్‌లో ఇది నడవదు. మాక్రో డేటాబేస్‌తో మాట్లాడడానికి మనం వాడబోయే ఏడీఓ లైబ్రరీ విండోస్‌లోనే ఉంటుంది.

## 2. కూర్చునే ముందు చేతిలో ఉండాల్సినవి

- సర్వర్ పీసీ ఐపీ అడ్రస్, పోర్ట్ నంబరు (మైఎస్‌క్యూఎల్‌కి మామూలుగా 3306, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి 1433, పోస్ట్‌గ్రెస్‌కి 5432)
- డేటాబేస్ పేరు, టేబుల్ పేర్లు, కాలమ్ పేర్లు, ఏ కాలమ్ ఏ రకం అన్నది
- చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఒక యూజర్, రాయడానికి విడిగా ఇంకో యూజర్
- మీ పీసీలో ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చెయ్యడానికి అడ్మిన్ పాస్‌వర్డ్
- అసలు డేటాబేస్‌కి ఒక నకలు, ప్రయోగాలన్నీ దాని మీదే

ఆఖరిది లేకుండా మొదలుపెట్టకండి. "జాగ్రత్తగా చేస్తాలే" అనుకునే పని కాదిది, ఏ వరుసలు మార్చాలో చెప్పే వేర్ షరతు మర్చిపోయిన ఒక్క అప్‌డేట్ టేబుల్ మొత్తాన్ని మార్చేస్తుంది.

## 3. 32 బిట్టా, 64 బిట్టా: సగం గొడవ ఇక్కడే

డ్రైవర్ బిట్ సంఖ్య విండోస్‌తో కాదు, ఆఫీస్‌తో కలవాలి. విండోస్ 64 బిట్ కదా అని 64 బిట్ డ్రైవర్ వేసేస్తారు, లోపల ఎక్సెల్ ఏమో 32 బిట్‌ది. అప్పుడు ఎక్సెల్‌కి ఆ డ్రైవర్ కనపడనే కనపడదు.

చూసుకునే వరుస ఇది:

1. ఎక్సెల్‌లో ఫైల్, అకౌంట్, అబౌట్ ఎక్సెల్ నొక్కండి. పై లైను చివర 32 బిట్టో 64 బిట్టో రాసి ఉంటుంది.
2. దానికి సరిపోయే ఓడీబీసీ (ప్రోగ్రామ్‌లు డేటాబేస్‌లతో మాట్లాడే ఒక ప్రామాణిక పద్ధతి) డ్రైవర్‌ని మైఎస్‌క్యూఎల్ అధికారిక సైటు నుంచే దించండి.
3. ఇన్‌స్టాల్ అయ్యాక ఓడీబీసీ డేటా సోర్సెస్ తెరిచి డ్రైవర్స్ ట్యాబ్‌లో పేరు ఉందో లేదో చూడండి. ఉంటే ఆ పేరుని అక్షరం పొల్లుపోకుండా ఒక నోట్‌ప్యాడ్‌లో రాసుకోండి.

ఇక్కడ విండోస్ చేసే చిత్రం ఒకటుంది. ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్లు రెండున్నాయి, ఫైలు పేరు రెండింటికీ ఒకటే, ఓడీబీసీఏడీ32. సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉన్నది 64 బిట్‌ది, సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉన్నది 32 బిట్‌ది. అవును, పేర్లు చూస్తే తిరగేసినట్టే ఉంటాయి, కానీ ఉన్నది అంతే. స్టార్ట్ మెనూలో వెతికితే పక్కన బిట్ సంఖ్యతో రెండూ కనపడతాయి కాబట్టి అక్కడినుంచి తెరవడమే మేలు.

డ్రైవర్ జాబితాలో యూనికోడ్, ఏఎన్‌ఎస్‌ఐ అని రెండు రకాలుంటాయి. తెలుగు డేటా ఉన్నా లేకపోయినా యూనికోడ్ దాన్నే పట్టుకోండి. డ్రైవర్ ఇన్‌స్టాల్ అవుతూనే సిస్టమ్ ఎర్రర్ 126 అని ఆగిపోతే, ఎక్కువసార్లు కారణం విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ లేకపోవడమే. అది వేసి మళ్లీ ప్రయత్నించండి, దాన్ని కూడా డ్రైవర్ ఏ బిట్‌దైతే ఆ బిట్‌దే వెయ్యాలి.

## 4. సర్వర్ వైపు సర్దాల్సినవి

మొదటిది ఐపీ. ఆఫీసు రౌటర్ ఐపీలని తానే పంచుతుంది. కరెంటు పోయి వచ్చాక సర్వర్ పీసీకి వేరే ఐపీ తగిలిందంటే నిన్నటిదాకా నడిచిన మాక్రో ఇవాళ ఆగిపోతుంది, "ఏమీ మార్చలేదే" అని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రౌటర్ సెట్టింగ్స్‌లో సర్వర్ పీసీకి ఒక ఐపీని రిజర్వ్ చేసి పెట్టేయండి. మన ఉదాహరణలో 192.168.1.10 అనుకుందాం.

రెండోది ఫైర్‌వాల్. సర్వర్ పీసీ విండోస్ ఫైర్‌వాల్‌లో టీసీపీ 3306కి ఇన్‌బౌండ్ రూల్ పెట్టాలి, అదీ ఆఫీసు నెట్‌వర్క్ వరకే. సర్వర్ లైనక్స్‌ది అయితే మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగ్ ఫైల్లో బైండ్ అడ్రస్ 127.0.0.1 అని ఉందేమో చూడండి. అలా ఉంటే అది తనతో తాను తప్ప బయటివాళ్లతో మాట్లాడదు.

మూడోది యూజర్. మైఎస్‌క్యూఎల్‌లో యూజర్ అంటే పేరొక్కటే కాదు, ఎక్కడినుంచి వస్తున్నాడన్నది కూడా. సర్వర్ మీద రూట్ యూజర్‌తో చక్కగా లాగిన్ అయ్యి, అదే యూజర్ మీ సీటు దగ్గర్నుంచి పనిచెయ్యకపోవడానికి కారణం ఇదే. "రిపోర్ట్" అనే యూజర్‌ని 192.168.1 తో మొదలయ్యే ఐపీలకి పరిమితం చేసి తయారుచెయ్యండి, ట్రిప్పుల టేబుల్ మీద సెలెక్ట్ అనుమతి మాత్రం ఇవ్వండి. రూట్ పాస్‌వర్డ్‌ని మాక్రోలో పెట్టేవాళ్లకి నేను చెప్పగలిగేది ఏమీ లేదు.

గాజువాక బ్రాంచి నుంచి ద్వారకానగర్ ఆఫీసు సర్వర్‌కి తగలాలి, ఎలా అని కూడా అడుగుతున్నారు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టి 3306ని ఇంటర్నెట్‌కి తెరిచేయడం అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా ప్రమాదం కూడా. వీపీఎన్ పెట్టించుకోండి, అప్పుడు బ్రాంచి పీసీ కూడా ఆఫీసు లోపల ఉన్నట్టే లెక్క.

## 5. కోడ్ లేకుండా మూడు పరీక్షలు

1. తలుపు తెరుచుకుందా: మీ పీసీలో పవర్‌షెల్ తెరిచి టెస్ట్-నెట్‌కనెక్షన్ ఆదేశానికి సర్వర్ ఐపీ, పోర్ట్ 3306 ఇవ్వండి. ఆఖరి లైనులో ట్రూ రావాలి. పింగ్ వచ్చింది కదా అని ఆగిపోవద్దు, పింగ్ వస్తుంది కానీ పోర్ట్ మూసే ఉంటుంది, అలాంటివి బోలెడు.
2. యూజర్ పనిచేస్తున్నాడా: ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్‌లో యాడ్ నొక్కి, ఆ డ్రైవర్ ఎంచుకుని, వివరాలన్నీ ఇచ్చి టెస్ట్ నొక్కండి. ఎక్సెల్ ఏ బిట్‌దో ఆ బిట్ అడ్మినిస్ట్రేటర్‌లోనే చెయ్యాలి, మర్చిపోకండి.
3. క్వెరీ సరిగ్గా ఉందా: మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్‌లోనో హైడీఎస్‌క్యూఎల్‌లోనో అదే యూజర్‌తో లాగిన్ అయి, క్వెరీ చివర లిమిట్ 100 పెట్టి నడిపి చూడండి.

మూడూ పాసైతే ఇక మిగిలేది కోడ్ గొడవే. ఏదైనా ఫెయిలైతే వీబీఏ ఎడిటర్ (మాక్రో కోడ్ రాసే చోటు) తెరవనే తెరవద్దు, అక్కడ వెతికితే దొరికేది ఏమీ లేదు.

## 6. మాక్రో ఫైలు తయారీ

ఫైల్‌ని మాక్రో ఎనేబుల్డ్ వర్క్‌బుక్‌గా, అంటే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ రకంగా సేవ్ చెయ్యండి. మామూలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా సేవ్ చేస్తే కోడ్ ఎగిరిపోతుంది, ఎక్సెల్ ఒకసారి అడుగుతుంది, మనం చూడకుండా ఎస్ కొట్టేస్తాం.

ఫైల్ మెయిల్‌లో వచ్చినా నెట్ నుంచి దించినా ఎక్సెల్ మాక్రోలని పూర్తిగా ఆపేసి ఎర్ర పట్టీ చూపిస్తుంది. ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కింద అన్‌బ్లాక్ టిక్ పెడితే తెరుచుకుంటుంది. ఎవరు పంపారో తెలిసిన ఫైలుకే సుమా. ట్రస్ట్ సెంటర్‌కి వెళ్లి మాక్రోలన్నీ ఎనేబుల్ చేసెయ్యమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, కావాలంటే ఒక ఫోల్డర్‌ని ట్రస్టెడ్ లొకేషన్‌గా పెట్టుకోండి.

ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కి ఎడిటర్ తెరవండి, ఇన్సర్ట్ మెనూలో మాడ్యూల్ చేర్చండి, మొదటి లైనుగా ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ రాయండి.

ఇప్పుడు ఏడీఓని పిలవడానికి రెండు దారులున్నాయి. టూల్స్, రిఫరెన్సెస్‌లో మైక్రోసాఫ్ట్ యాక్టివ్‌ఎక్స్ డేటా ఆబ్జెక్ట్స్ 6.1 లైబ్రరీకి టిక్ పెట్టడం ఒకటి, క్రియేట్‌ఆబ్జెక్ట్‌తో ఏడీఓడీబీ.కనెక్షన్‌ని నడిచేటప్పుడు తయారుచేసుకోవడం రెండోది. రాసేటప్పుడు మొదటిది సుఖం, చుక్క పెట్టగానే జాబితా వస్తుంది. ఫైల్ నలుగురి పీసీలకి వెళ్లేదైతే రెండోదానికి మార్చండి, వేరే పీసీలో రిఫరెన్స్ మిస్సింగ్ అనే తలనొప్పి ఉండదు.

రెండో దారిలో ఒక మెలిక ఉంది. లైబ్రరీకి తెలిసిన స్థిరాంకాల పేర్లు అప్పుడు పనిచెయ్యవు, అంకెలే ఇవ్వాలి. పనికొచ్చేవి ఇవి: ఏడీ స్టేట్ ఓపెన్ 1, ఏడీ సీఎండీ టెక్స్ట్ 1, ఏడీ పరామ్ ఇన్‌పుట్ 1, ఏడీ ఇంటీజర్ 3, ఏడీ డేట్ 7, ఏడీ వార్‌చార్ 200, ఏడీ వార్ డబ్ల్యూ చార్ 202. ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ పెట్టమన్నది అందుకే. అది లేకపోతే తెలియని ఆ పేర్లని వీబీఏ ఖాళీ వేరియబుల్స్‌గా తీసుకుని ముందుకెళ్లిపోతుంది, తప్పెక్కడుందో పట్టుకోవడానికి సాయంత్రమవుతుంది.

## 7. కనెక్షన్ స్ట్రింగ్

ఒకే లైనులో, సెమీకోలన్‌లతో విడదీసి:

- డ్రైవర్ = కర్లీ బ్రాకెట్లలో మీరు నోట్‌ప్యాడ్‌లో రాసుకున్న డ్రైవర్ పేరు
- సర్వర్ = 192.168.1.10
- పోర్ట్ = 3306
- డేటాబేస్ = మీ డేటాబేస్ పేరు
- యూజర్, పాస్‌వర్డ్

డ్రైవర్ పేరులో వెర్షన్ నంబరు కూడా ఉంటుంది. 8.0 అని రాసి ఉన్న కోడ్‌ని తెచ్చి 8.4 డ్రైవర్ ఉన్న పీసీలో పెడితే "డేటా సోర్స్ నేమ్ నాట్ ఫౌండ్" అంటుంది. పాస్‌వర్డ్‌లో సెమీకోలన్ ఉంటే స్ట్రింగ్ అక్కడే తెగిపోతుంది, ఆ యూజర్‌కి సెమీకోలన్ లేని పాస్‌వర్డ్ పెట్టించండి.

డీఎస్‌ఎన్ (ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్‌లో ఒక పేరుతో దాచుకునే కనెక్షన్ వివరాలు) తయారుచేసి దాని పేరు ఇవ్వడం కన్నా ఇలా పూర్తి స్ట్రింగే నయం, ఎందుకంటే ప్రతి పీసీలో మళ్లీ డీఎస్‌ఎన్ తయారుచేసే పని తప్పుతుంది.

పాస్‌వర్డ్ సంగతి. కోడ్‌లో రాసి వీబీఏ ప్రాజెక్ట్‌కి తాళం వేస్తే చాలనుకుంటారు, ఆ తాళం నిమిషాల్లో ఊడుతుంది. షీటుని వెరీ హిడెన్ చేసి అందులో దాచడమూ అంతే. ఒక చిన్న యూజర్‌ఫారమ్ పెట్టి, టెక్స్ట్‌బాక్స్‌కి పాస్‌వర్డ్‌చార్ దగ్గర నక్షత్రం గుర్తు ఇచ్చి, తెరిచినప్పుడల్లా అడగండి. ఇన్‌పుట్‌బాక్స్ వాడితే కొట్టేది పక్కవాళ్లకి కనపడుతుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్లకి తేడాలు త్వరగా చెప్పేస్తాను. ఆఫీసులో డొమైన్ లాగిన్ ఉంటే ట్రస్టెడ్ కనెక్షన్ ఎస్ అని ఇవ్వండి, పాస్‌వర్డ్ బాధే ఉండదు. ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో టీసీపీ/ఐపీ మొదట ఆపేసి ఉంటుంది, కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ఆన్ చేసి సర్వీస్‌ని రీస్టార్ట్ చెయ్యాలి. డ్రైవర్ 18 అయితే ఎన్‌క్రిప్షన్ తప్పనిసరిగా అడుగుతుంది, సర్టిఫికెట్ ఎర్రర్ వస్తే సరైన సర్టిఫికెట్ పెట్టించడం అసలు దారి, ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో మాత్రం ట్రస్ట్ సర్వర్ సర్టిఫికెట్ ఎస్ అని ఇచ్చి నెట్టుకురావచ్చు.

## 8. డేటాని షీటులోకి దించడం

మాక్రోలో పనుల వరుస:

1. కనెక్షన్ ఆబ్జెక్ట్ తయారు, స్ట్రింగ్ ఇచ్చి ఓపెన్
2. క్వెరీ నడిపి రికార్డ్‌సెట్ (క్వెరీకి వచ్చిన వరుసల మూట) తీసుకోవడం
3. రికార్డ్‌సెట్ ఖాళీనా అని ఈఓఎఫ్ (వరుసలు అయిపోయాయని చెప్పే గుర్తు) చూడడం, ఖాళీ అయితే ఒక మాట చెప్పి ఆగడం
4. షీటులో పాత డేటా తుడవడం
5. ఫీల్డ్స్ మీద లూప్ వేసి హెడింగులు రాయడం
6. కాపీఫ్రమ్‌రికార్డ్‌సెట్‌తో ఏ2 నుంచి డేటా దించడం
7. రికార్డ్‌సెట్ క్లోజ్, కనెక్షన్ క్లోజ్

నాలుగోది వదిలేస్తే జరిగేది చూడండి. నిన్న 300 ట్రిప్పులు దిగాయి, ఇవాళ 250. కొత్తవి పైన 250 వరుసల్ని కప్పేస్తాయి, అడుగున నిన్నటి 50 అలాగే ఉంటాయి. కింద టోటల్ మాత్రం ధీమాగా మొత్తం కలిపి చూపిస్తుంది. ఎర్రర్ రాదు, అదే దీనితో ఇబ్బంది. తుడిచేటప్పుడు షీటంతా కాకుండా డేటా ఉన్న కాలమ్‌లే క్లియర్‌కంటెంట్స్ చెయ్యండి, పక్కన ఫార్ములాలు పోకుండా ఉంటాయి.

ఐదోదాంట్లో ఫీల్డ్స్ లెక్క 0 నుంచి, షీటు కాలమ్‌ల లెక్క 1 నుంచి. కాబట్టి లూప్‌లో ఒకటి కలపాలి.

ఆరోదాని గురించి: కాపీఫ్రమ్‌రికార్డ్‌సెట్ ప్రస్తుతం ఉన్న రికార్డు నుంచి చివరిదాకా దించి, చివర్లోనే నిలబడిపోతుంది. అందుకే రెండో షీటులో కూడా అదే దించుదామంటే ఏమీ రాదు. ఎన్ని వచ్చాయో చూద్దామని రికార్డ్‌కౌంట్ అడిగితే మామూలు కర్సర్‌తో (వరుసల్లో ముందుకే కదిలే తీరు) మైనస్ 1 అంటుంది, కంగారుపడకండి, క్లయింట్ కర్సర్ పెట్టుకుంటే సరైన లెక్క వస్తుంది.

పెద్ద నంబర్లున్న కాలమ్‌లతో జాగ్రత్త. ఎక్సెల్ 15 అంకెల దాకానే కచ్చితంగా పట్టుకుంటుంది, 16వ అంకె నుంచి సున్నాలే. డేటాబేస్‌లో బ్యాంకు అకౌంట్ నంబర్లు సంఖ్యలుగా ఉంటే క్వెరీలోనే వాటిని అక్షరాలుగా మార్చి తీసుకోండి, షీటులో ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టండి.

వేల వరుసలు దించేటప్పుడు స్క్రీన్ అప్‌డేటింగ్ ఆపి, కాలిక్యులేషన్ మాన్యువల్ చేస్తే బాగా వేగం. కానీ మధ్యలో ఎర్రర్ వచ్చినా వాటిని మళ్లీ మామూలు చేసే ఏర్పాటు ఉండాలి.

## 9. తేదీలు, లారీ నంబర్లు: క్వెరీలో అతికించొద్దు

సెల్‌లోని విలువని ప్లస్‌తోనో యాంపర్‌సాండ్‌తోనో క్వెరీ టెక్స్ట్‌కి అతికించడం అందరూ చేసేదే. డి'సౌజా లాంటి పేరు రాగానే ఆ చిన్న గీత దగ్గర క్వెరీ తెగుతుంది. ఎవరైనా కావాలని చెడ్డ టెక్స్ట్ కొడితే టేబుల్‌కే ప్రమాదం. తేదీలతో ఇంకో తంటా, 05-06 అంటే మనకి జూన్ 5, పీసీ రీజియన్ సెట్టింగ్ అమెరికాది ఉంటే మే 6.

మందు ఒక్కటే, పారామీటర్లు. కమాండ్ ఆబ్జెక్ట్ తయారుచేసి, క్వెరీలో విలువ రావాల్సిన చోటల్లా ప్రశ్నార్థకం గుర్తు పెట్టి, క్రియేట్‌పారామీటర్‌తో రకం, పరిమాణం, విలువ ఇచ్చి అపెండ్ చెయ్యండి. ఓడీబీసీలో పారామీటర్ పేరుకి విలువ లేదు, వరుసే లెక్క. మొదటి ప్రశ్నార్థకానికి మొదట అపెండ్ చేసిందే వెళ్తుంది. టెక్స్ట్ పారామీటర్‌కి పరిమాణం ఇవ్వకపోతే "ఇంప్రాపర్లీ డిఫైన్డ్" అని 3708 ఎర్రర్ వస్తుంది.

తేదీల మధ్య వెతికేటప్పుడు అకౌంట్స్ వాళ్లని ఏడిపించే తప్పు: "మార్చి 31 లేదా అంతకంటే తక్కువ" అని రాయడం. కాలమ్‌లో తేదీతో పాటు టైమ్ కూడా ఉంటే, మార్చి 31 అంటే ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటలు. ఆ రోజు ఉదయం నుంచి కదిలిన లారీలేవీ రావు, సంవత్సరాంతం లెక్క తేలదు. "ఏప్రిల్ 1 కంటే తక్కువ" అని రాయండి, ఎప్పుడూ అలాగే రాయండి.

లారీ నంబర్లది మరో కథ. ఒకరు ఏపీ 31 తరవాత స్పేస్ ఇస్తారు, ఒకరు డ్యాష్ పెడతారు, ఇంకొకరు అన్నీ కలిపి కొడతారు. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ వచ్చినా పాత 31 బళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, కాబట్టి సిరీస్ చూసి తప్పు పట్టే షరతులు పెట్టకండి. పంపే ముందు మాక్రోలోనే స్పేస్‌లు, డ్యాష్‌లు తీసేసి పెద్ద అక్షరాల్లోకి మార్చండి, డేటాబేస్‌లో కూడా అదే రూపంలో ఉంచండి. పేరులో కొంత భాగంతో వెతకాలంటే లైక్‌కి శాతం గుర్తు వాడాలి, నక్షత్రం గుర్తు యాక్సెస్ అలవాటు, ఇక్కడ చెల్లదు.

## 10. తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలైతే

వీబీఏ ఎడిటర్‌కి యూనికోడ్ రాదు. కోడ్‌లో కొటేషన్ల మధ్య "విశాఖపట్నం" అని అతికిస్తే అక్కడికక్కడే ప్రశ్నార్థకాలవుతుంది. మెసేజ్‌బాక్స్‌లో తెలుగు చూపిద్దామన్నా అంతే. తెలుగు మాటలన్నీ ఒక షీటులో సెల్స్‌లో పెట్టి, కోడ్ అక్కడినుంచి చదువుకునేలా చెయ్యండి. సందేశాలు కూడా ఒక సెల్‌లో చూపిస్తే సరి.

డేటాబేస్ వైపు టేబుల్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎమ్‌బీ4 ఉండాలి, డ్రైవర్ యూనికోడ్‌ది ఉండాలి, పారామీటర్ రకం 200 కాదు, 202 ఇవ్వాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కాలమ్ ఎన్‌వార్‌చార్ అయి ఉండాలి.

ఎక్కడ చెడుతోందో పట్టుకోవడానికి చిన్న కిటుకు: ఇమ్మీడియట్ విండోలో ఆస్క్‌డబ్ల్యూ ఫంక్షన్‌కి ఆ విలువ ఇవ్వండి. "విశాఖపట్నం"కి 3125 వస్తే మొదటి అక్షరం "వ" క్షేమంగా ఉంది. 63 వస్తే అది నిజమైన ప్రశ్నార్థకమే, అక్షరం ఎప్పుడో పోయింది. సెల్‌లో చదివినప్పుడు ఒకసారి, డేటాబేస్ నుంచి తిరిగొచ్చాక ఒకసారి చూస్తే దారిలో ఎక్కడ పోయిందో తేలిపోతుంది. డేటాబేస్‌లోకే 63గా ఎక్కిపోయినవాటిని ఏ సెట్టింగూ వెనక్కి తేలేదు, మళ్లీ కొట్టుకోవాల్సిందే.

పొడవు లెక్క కూడా చూసుకోండి. కంటికి ఐదారు అక్షరాల్లా కనపడే "విశాఖపట్నం" లెన్ ఫంక్షన్‌కి 10, గుణింతాలు, వత్తు, సున్న అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. పారామీటర్ పరిమాణం, కాలమ్ వెడల్పు పిసినారితనంగా ఇస్తే ఊరి పేరు సగంలో తెగుతుంది.

## 11. డేటాబేస్‌లోకి రాయడం

చదవడం వారం పది రోజులు ఇబ్బంది లేకుండా నడిచాకే దీని జోలికి రండి.

1. రాసే యూజర్ వేరు. ట్రిప్పుల టేబుల్‌లో ఇన్సర్ట్ అనుమతి మాత్రమే, డిలీట్ ఇవ్వొద్దు.
2. పంపే ముందు ప్రతి వరుసా తనిఖీ: ఎల్‌ఆర్ (లారీ రసీదు) నంబరు ఉందా, తేదీ నిజంగా తేదీయేనా, బరువు అంకేనా. ఒక్కటి తేడా ఉన్నా ఆ సెల్‌కి రంగు వేసి ఆగిపోవాలి.
3. బిగిన్‌ట్రాన్స్, అంటే ట్రాన్సాక్షన్ మొదలు: ఇక్కడినుంచి రాసేవి ఎక్కితే అన్నీ ఎక్కుతాయి, లేదంటే ఏదీ ఎక్కదు.
4. లూప్‌లో పారామీటర్లతో ఇన్సర్ట్. ఎగ్జిక్యూట్‌కి మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఒక వేరియబుల్ ఇస్తే ఎన్ని వరుసలు ఎక్కాయో అందులో వస్తుంది, ప్రతిసారీ 1 రావాలి.
5. అన్నీ అయ్యాక కమిట్‌ట్రాన్స్, ఎక్కడైనా తప్పితే రోల్‌బ్యాక్‌ట్రాన్స్.
6. కమిట్ అయ్యాకే షీటులో "చేరింది" అని గుర్తు పెట్టడం.

నలభై ట్రిప్పులు ఎక్కిస్తుంటే మధ్యలో కరెంటు పోయిందనుకోండి. ట్రాన్సాక్షన్ ఉంటే ఏదీ ఎక్కదు, కరెంటొచ్చాక మళ్లీ నొక్కితే సరిపోతుంది. లేకపోతే ఎన్ని ఎక్కాయో, ఏవి ఎక్కలేదో కూర్చుని టిక్కులు పెట్టుకోవాలి. అయితే టేబుల్ ఇన్నోడీబీ రకం అయి ఉండాలి. పాత మైఐఎస్ఏఎమ్ టేబుల్ అయితే రోల్‌బ్యాక్ అన్నా పట్టించుకోదు.

సరిగ్గా కమిట్ అయ్యాక, గుర్తు పెట్టేలోపు ఎక్సెల్ ఆగిపోతే? లేదా ఆపరేటర్ బటన్‌ని రెండుసార్లు నొక్కితే? దీనికి మాక్రోలో ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా చాలవు, డేటాబేస్‌లోనే ఎల్‌ఆర్ నంబరు మీద యూనిక్ కీ పెట్టండి. రెండోసారి 1062 ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది, ఫ్రైట్ డబుల్ బిల్లు అవ్వదు.

## 12. తప్పు జరిగితే శుభ్రంగా బయటికి రావడం

ప్రతి మాక్రోకీ ఆన్ ఎర్రర్ గోటు పెట్టి, కింద ఒకే బయటి దారి ఉంచండి. అక్కడ మొదట చెయ్యాల్సింది ఎర్రర్ నంబరు, వివరం వేరియబుల్స్‌లో దాచుకోవడం. తరవాత రాసే ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ వాటిని తుడిచేస్తుంది. ఆ పైన ట్రాన్సాక్షన్ తెరిచి ఉంటే రోల్‌బ్యాక్, కనెక్షన్ స్టేట్ 1 అయితే క్లోజ్, స్క్రీన్ అప్‌డేటింగ్, కాలిక్యులేషన్ మళ్లీ మామూలు, చివర్లో సందేశం. మాక్రో మొదటి లైనులోనే ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ రాసి "ఇక ఎర్రర్లు రావట్లేదు" అని సంతోషపడేవాళ్లున్నారు, డేటా కూడా రాదు మరి.

తరచూ కనపడేవి, చూడాల్సిన చోటు:

- ఐఎమ్002, డేటా సోర్స్ నాట్ ఫౌండ్: డ్రైవర్ పేరు అక్షరం తేడా, లేదా ఆ బిట్ డ్రైవర్ లేదు. మూడో మెట్టు.
- ఐఎమ్014, ఆర్కిటెక్చర్ మిస్‌మ్యాచ్: డీఎస్‌ఎన్ ఒక బిట్‌లో, ఎక్సెల్ ఇంకో బిట్‌లో.
- 2003, కనెక్ట్ కాలేదు: ఐపీ, ఫైర్‌వాల్, లేదా సర్వీసే ఆగి ఉంది.
- 1130, హోస్ట్ నాట్ అలౌడ్: ఆ ఐపీ నుంచి రావడానికి ఏ యూజర్‌కీ అనుమతి లేదు.
- 1045, యాక్సెస్ డినైడ్: పాస్‌వర్డ్ తప్పు, లేదా ఆ హోస్ట్‌కి వేరే పాస్‌వర్డ్ ఉంది.
- క్యాషింగ్ ఎస్‌హెచ్‌ఏ2 పాస్‌వర్డ్ ప్లగిన్ లోడ్ కాలేదు: మైఎస్‌క్యూఎల్ 8 సర్వర్‌కి పాత డ్రైవర్‌తో వెళ్తున్నారు, కొత్త డ్రైవర్ వెయ్యండి.
- టైమ్‌అవుట్: కమాండ్‌టైమ్‌అవుట్ మామూలుగా 30 సెకన్లు. పెంచే ముందు తేదీ కాలమ్ మీద ఇండెక్స్ ఉందో లేదో చూడండి.

## 13. ఇంకొకరి పీసీలో పెట్టేటప్పుడు

- ఆ పీసీలో ఆఫీస్ బిట్ సంఖ్య చూశారా, దానికి తగ్గ డ్రైవర్ వేశారా
- అయిదో మెట్టులోని మొదటి రెండు పరీక్షలు ఆ సీటు దగ్గరే కూర్చుని చేశారా
- నకలు డేటాబేస్ పేరు తీసేసి అసలుది పెట్టారా
- ఫైల్ అన్‌బ్లాక్ అయిందా
- ఖాళీ ఫలితం వచ్చే తేదీలు ఇచ్చి ఒకసారి, లాన్ కేబుల్ పీకేసి ఒకసారి నొక్కి చూశారా, సందేశం మనిషికి అర్థమయ్యేలా వస్తోందా
- దించిన ట్రిప్పుల సంఖ్య, ఫ్రైట్ మొత్తం వర్క్‌బెంచ్‌లో వచ్చినవాటితో సరిపోయాయా
- ఎర్రర్ వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో, సర్వర్ ఐపీ ఎంతో అదే ఫైల్లో ఒక షీటులో రాసి పెట్టారా, పాస్‌వర్డ్ మాత్రం రాయకుండా